పాలసీసాలో పన్ను

"కొస వదలకు విజయమ్మా, వంకరొస్తుంది" అని సీతామహాలక్ష్మి మేడం అనడమూ, బడి వెనక నుంచి పిల్ల కేక వినిపించడమూ ఒకేసారి జరిగాయి.

విజయమ్మ ఫ్లెక్సీ కొస వదిలేసింది. నిచ్చెన మీదున్న ఫ్లెక్సీ షాపు రాఘవేందర్ "ఓ పెద్దమ్మా, పడగొడ్తవా ఏంది నన్ను!" అని అరిచాడు. 'మీ కంటిపాప మా చంటిపాప, అడ్మిషన్లు జరుగుచున్నవి' అన్న పెద్ద అక్షరాలు గేటు మీద సగానికి మడతపడ్డాయి. ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి పక్క సందులోంచి వెనక్కి ఉరికింది.

పేట్ బషీరాబాద్‌లో ఆ బడి ఒకప్పుడు ఎవరో కాపురం ఉన్న ఇల్లే. హాలు క్లాసైంది, కారు షెడ్డు పిల్లలు అన్నాలు తినే చోటైంది, వెనక బట్టలుతికే జాగాలో ఇసుక పోయించి చుట్టూ సిమెంటు గట్టు కట్టించారు. పద్దెనిమిది మంది పిల్లలకు ఒక టీచరు, ఒక ఆయా. పదకొండింటికి పిల్లలు ఇసుకలోకి వచ్చేసరికి ఆయా విజయమ్మ ఆ గట్టు మీద కూర్చుని ఉండాలి. ఆ సోమవారం మేడమే కేకేసింది. "ఫ్లెక్సీ కొస పట్టుకునేవాళ్ళు లేరట, పది నిమిషాలు రా. పిల్లల్ని అశ్రిత చూస్తుందిలే." అశ్రిత టీచర్ చూస్తూనే ఉంది గానీ, ఒక పిల్లాడు నిక్కరు తడుపుకుంటే మార్చడానికి లోపలికి పోయింది.

హరిచందన గట్టు మీద బోర్లా పడి ఉంది. మూడున్నరేళ్ళ పిల్ల. విజయమ్మ ఎత్తి ఒళ్ళో వేసుకుని నల్లా కింద కొంగు తడిపి మూతి తుడిచింది. రక్తం, ఇసుక కలిసి వస్తున్నాయి. తుడిచిన కొద్దీ వస్తున్నాయి. వేలితో పైపెదవి మెల్లగా లేపి చూసింది. ముందు పళ్ళు రెండిట్లో ఎడమది లేదు. అది ఉండాల్సిన చోట చిగురు ఉబ్బి, ఎర్రగా, ఖాళీగా ఉంది.

"పన్నేది? పన్ను?" వెనకాలే వచ్చిన మేడం అడిగింది. "పన్ను పాలల్లో వేసుకుని అరగంటలో డాక్టరు దగ్గరికి పోవాలి. మాకు ట్రైనింగులో చెప్పారు. పిల్లని అశ్రితకిచ్చి నువ్వు వెతుకు."

పిల్ల వదలలేదు. విజయమ్మ జాకెట్టు చేతిని పిడికిట్లో పట్టుకుంది. ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీసి, అశ్రిత చేతికిచ్చి, విజయమ్మ ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుంది.

అరగంట కాదు, సాయంత్రం దాకా కూర్చుంది. ఆలోగా హరిచందన అమ్మ సుప్రజ, నాన్న ఫణిభూషణ్ ఆఫీసుల నుంచి పరుగున వచ్చి పిల్లను హైవే మీది ఆస్పత్రికి తీసుకుపోయారు. అక్కడి డాక్టరు గాయం కడిగి, సిరప్పు రాసి, పిల్లల పళ్ళ డాక్టరుకు చూపించమన్నాడు. ఆయన బుధవారం సాయంత్రం గానీ దొరకడు. వాళ్ళు బయల్దేరేముందు ఆస్పత్రి డాక్టరు ఇంకో మాట కూడా అన్నాడట. పన్ను దొరికిందా? దొరక్కపోతే పిల్ల మింగి ఉండాలి, లేదా ఊపిరితిత్తుల్లోకి పీల్చి ఉండాలి. మింగితే భయం లేదు. పీలిస్తే మాత్రం భయమే. రెండ్రోజులు దగ్గు కనిపెట్టి చూడండి, ఎందుకైనా మంచిది, ఛాతీ ఎక్స్‌రే తీయించండి.

*

మంగళవారం విజయమ్మ గౌడవెల్లి నుంచి జల్లెడ వెంట తెచ్చుకుంది. మేడ్చల్ దాకా ఆటోలో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే పక్కనున్నామె "ఏం వదినా, బళ్ళె పిండి గూడ నువ్వే జల్లిస్తవా" అని నవ్వింది. విజయమ్మకు నవ్వు రాలేదు.

ఆమె బడికి చేరేసరికే సుప్రజా ఫణిభూషణూ ఆఫీసు గదిలో ఉన్నారు. పిల్లను అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చారు. సుప్రజ కళ్ళు వాచి ఉన్నాయి.

"కెమెరా చూపించండి మేడం" అంటున్నాడు ఫణిభూషణ్.

"వెనక కెమెరా వైరు కోతులు తెంపేశాయండీ. పోయిన నెలే కంప్లయింటు పెట్టాను. మా ఆయా అక్కడే ఉందండీ, కళ్ళెదుటే, ఒక్క క్షణంలో…"

"నేను ఆడ లేను మేడం" అంది విజయమ్మ గుమ్మంలోంచి. "గేటు కాడ ఉన్న. ఫ్లెక్సీ పట్టుకొమ్మని మీరే పిలిస్తిరి."

మేడం ఆమె వైపు కాకుండా సుప్రజ వైపు చూస్తూ మెత్తగా అంది. "భయపడుతోందండీ, పాపం. ఫ్లెక్సీ శనివారమే కట్టించాం. ఏం అశ్రితా?"

అశ్రిత బల్ల మీది క్రేయాన్లు డబ్బాలో సర్దుతోంది. పసుపు పచ్చది తీసి ఆకుపచ్చ దాని పక్కన పెట్టింది. మళ్ళీ తీసి నీలం పక్కన పెట్టింది. "అవు మేడం" అంది తల ఎత్తకుండా.

సుప్రజ లేచి వచ్చి విజయమ్మ ముందు నిలబడింది. "నువ్వున్నావనే ధైర్యంతోనే కదా దాన్నిక్కడ వదిలాను. నువ్వు పెడితే తప్ప తినదు. నిన్ను నేనేమీ అనట్లేదు. ఆ పన్ను ఎక్కడుందో ఒక్కటి తేలితే చాలు నాకు. రాత్రంతా దాని గుండె మీద చెవి పెట్టుకుని పడుకున్నాను."

వాళ్ళు వెళ్ళాక మేడం తలుపు దగ్గరగా వేసింది. "గేటు దగ్గరున్నానని మళ్ళీ అనకు. ఆ మాట బయటికి పోతే ఈ బడి ఉండదు, నీకూ నాకూ పనుండదు. అతను పోలీసుల దాకా పోతానంటున్నాడు. పోతే పిల్లల్ని చూసే మనిషి పేరే రాసుకుంటారు, అది నీ పేరే. పన్ను దొరికిందనుకో, అందరూ చల్లబడతారు. వెతుకు."

విజయమ్మ ఇసుకను నాలుగు భాగాలుగా గీత గీసుకుంది. చాటెడు చాటెడు తీసి జల్లెడ పట్టింది. మెత్తటి ఇసుక కిందికి జారితే పైన మిగిలినవి అరచేతిలో పోసుకుని వేలితో తిప్పి చూసింది. గాజు ముక్కలు, బొమ్మకారు చక్రం, పల్లీ పొట్టు, జడపిన్ను, ఒక పూస, ఎండిన పిల్లి పెంట. తెల్లగా కనిపించిన ప్రతిదాన్నీ పళ్ళతో కొరికి చూసింది. అన్నీ రాళ్ళే. పిల్లలు కిటికీలోంచి "విజయమ్మా, మేం గూడ వస్తం" అని అరుస్తున్నారు. సాయంత్రానికి నాలుగు భాగాలూ అయిపోయాయి. ఆమె గట్టు పగుళ్ళలో జడపిన్ను పెట్టి గీకింది. నల్లా కింది కాలువలో చెయ్యి పెట్టి బురద తీసి కడిగి చూసింది.

*

ఇంటికి చేరేసరికి ఇంకా వెలుగుంది. మనుమరాలు నయన గుమ్మంలోనే ఎదురొచ్చింది. "అవ్వా, పేడ దొరికిందా?"

ఆ పిల్లకు ఆరేళ్ళు. ఆదివారం నాడు పన్నూడింది. పాలపన్ను పేడముద్దలో పెట్టి ఇంటి మీదికి విసరాలి, అప్పుడే కొత్తది చక్కగా వస్తుంది. విసరడానికి ఇల్లుంది గానీ పేడ లేదు. పక్కింటి శంకరమ్మ పొలం ప్లాట్లు పడ్డాక బర్లు అమ్మేసింది. వాడకట్టంతా తిరిగినా ఎవరింటా ఏమీ లేదు. పన్ను మాత్రం కాయితంలో చుట్టి గూట్లో ఉంది.

"రేపు తెస్త బిడ్డా."

కొడుకు భాస్కర్ ఫ్యాక్టరీకి పోవడానికి బండి తుడుస్తున్నాడు. సంగతంతా విని గుడ్డ విదిలించాడు. "పోలీసులొస్తే రానీ. మనం జేసిందేంది? గేటు కాడున్న అని జెప్పు."

"జెప్పిన. ఎవరింటరు?"

"ఆ టీచరు సూసింది గదనే."

"ఆమెకు గూడ నౌకరి గావాలె గద కొడుకా."

అతను ఇంకేదో అనబోయి, టైము చూసుకుని బండి ఎక్కాడు. విజయమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టి గూటి వైపు చూసింది. చూపు తిప్పుకుంది. బియ్యం కడిగింది. మళ్ళీ చూసింది. కాయితం విప్పితే లోపల పన్ను గోరంత ఉంది. హరిచందన నవ్వినప్పుడు కనిపించే రెండో పన్ను కూడా ఇంతే ఉంటుంది. ఇదే తెలుపు. పిల్లల పళ్ళన్నీ ఒక్క తీరే ఉంటాయి, ఎవరు కనిపెడతారు అనుకుంది. కాయితం కొంగున ముడివేసుకుంది. నయన వెనక నిలబడి చూస్తూనే ఉంది.

"ఏడికి తీస్కపోతున్నవే?"

"పేడున్న కాడికి" అంది విజయమ్మ.

*

బుధవారం పొద్దున పిల్లలు రాకముందే ఆమె గట్టు పక్కన కూర్చుని పన్నుకు కాస్త ఇసుక రాసింది. తరవాత "మేడం, దొరికింది" అంది. ఆ మాట తన గొంతులోంచి అంత మామూలుగా వస్తుందని ఆమె అనుకోలేదు.

మేడం ఆమె రెండు చేతులూ పట్టుకుంది. తేనె సీసా కడిగించి పాలు పోయించి పన్ను అందులో వేయించింది. విజయమ్మ ఎదుటే ఫోను చేసి స్పీకర్లో పెట్టింది. అవతల సుప్రజ ఏడ్చేసింది. "దొరికిందా! లోపలికి పోలేదన్నమాట. ఈ మధ్యాహ్నం ఎక్స్‌రేకి తీసుకెళ్దామనుకున్నాం మేడం గారూ, ఇంక అక్కర్లేదు. విజయమ్మకి చెప్పండి, తనకి నేను… సాయంత్రం డాక్టరు దగ్గరికి తననీ తీసుకురండి. ఎవరికీ నోరు తెరవట్లేదిది. తనకైతే తెరుస్తుంది."

విజయమ్మకు మిగతా మాటలేవీ ఎక్కలేదు. ఎక్స్‌రే ఇంక అక్కర్లేదు అన్న ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. ఇసుకలో లేదు, కాలువలో లేదు. మరి ఏడున్నట్టు?

మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక అశ్రిత వెనక్కి వచ్చి చూస్తే విజయమ్మ మళ్ళీ ఇసుక జల్లిస్తోంది.

"దొరికింది గద పెద్దమ్మా. ఇంకేం లెంకుతున్నవు?"

విజయమ్మ జల్లెడ ఊపుతూనే ఉంది. అశ్రిత కాసేపు నిలబడింది. ఆమెకు ఏదో అర్థమైనట్టు ముఖం పాలిపోయింది. ఏమీ అడగకుండా లోపలికి పోయింది. అడిగితే తను కూడా ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది.

*

పళ్ళ డాక్టరు హేమచంద్ గదిలో గోడ నిండా జిరాఫీలున్నాయి. హరిచందన వాటి వైపు చూడలేదు. అమ్మ భుజంలో ముఖం దాచుకుంది. కుర్చీలో కూర్చోబెట్టబోతే కాళ్ళు తన్నింది. విజయమ్మను చూశాక చేతులు చాపింది.

"ఆమె ఒళ్ళోనే ఉండనివ్వండి" అన్నాడు డాక్టరు. తన స్టూలు జరుపుకుని విజయమ్మ ఎదుట మోకాళ్ళకు మోకాళ్ళు ఆనించి కూర్చున్నాడు. "పాప కాళ్ళు మీ నడుముకు రెండు పక్కలా వెయ్యండి. చేతులు మీరు పట్టుకోండి. తల నా ఒళ్ళోకి వాల్చండి. అర నిమిషం ఏడుస్తుంది, భయం లేదు."

మేడం సీసా బల్ల మీద పెట్టింది. "పాలల్లోనే ఉంచామండీ. ట్రైనింగులో చెప్పినట్టే."

విజయమ్మ పిల్ల చేతులు పట్టుకుని తలను వెనక్కి వాల్చబోయింది. పిల్ల దగ్గింది. ఏడవబోయే ముందు వచ్చే మామూలు దగ్గే, ఒక్కసారే. విజయమ్మ తల వాల్చడం ఆపేసింది.

"సార్" అంది. "అండ్ల ఉన్నది పాప పన్ను గాదు."

ఎవరికీ అర్థం కాలేదు.

"మా మనుమరాలిది. ఇంట్ల నుంచి తెచ్చిన. పాపది దొరకలె సార్, ఇసుకంతా రెండు మార్లు జల్లించిన. రొమ్ముల ఉన్నదేమో సూడుండ్రి. ఫోటో తియ్యిండ్రి సార్, జల్దీ తియ్యిండ్రి."

ఫణిభూషణ్ లేచి నిలబడ్డాడు. సుప్రజ రెండు చేతులతో నోరు మూసుకుంది. మేడం "అయ్యో, నా కర్మ" అంటూ కుర్చీలో వెనక్కి వాలింది. డాక్టరు ఎవరి వైపూ చూడకుండా పట్టకారుతో పాలల్లోని పన్ను తీసి దీపం కింద తిప్పాడు.

"వేరు లేదు. ఆరేడేళ్ళకు దానంతటది ఊడిన పన్నిది. మూడేళ్ళ పిల్లది దెబ్బతో ఊడితే ఇంత పొడుగు వేరుంటుంది." దాన్ని తిరిగి పాలల్లో వేశాడు. "మీరు చెప్పకపోయినా నాకు తెలిసేది. సరే, పట్టుకోండి పాపని."

విజయమ్మ పట్టుకుంది. పిల్ల ఒళ్ళు విల్లులా వంగింది. డాక్టరు పెదవి పైకెత్తి, ఉబ్బిన చిగురును తడిగుడ్డతో అద్ది, చిన్న దీపం దగ్గరికి తెచ్చాడు. "రండి, ఇటు చూడండి."

చిగురులో లోతుగా బియ్యపు నూక మొనంత తెలుపు కనిపించింది.

"పన్నెక్కడికీ పోలేదు. దెబ్బకు పైకి దిగబడింది." అక్కడే చిన్న ఫిల్ము పెట్టి ఎక్స్‌రే తీశాడు. తెర మీద పన్ను మొత్తం ఉంది, చిగురులో మునిగి, చెక్కు చెదరకుండా. దాని పైన ఎముకలో ఇంకా గట్టిపడని, తరవాత రావాల్సిన పెద్ద పన్ను నీడలా ఉంది.

సుప్రజ నేల మీద కూర్చుండిపోయింది.

"మరి ఇప్పుడేం చేస్తారు?" అన్నాడు ఫణిభూషణ్.

"ఏమీ చెయ్యం. చాలావరకు దానంతటదే దిగివస్తుంది. కొన్ని నెలలు పడుతుంది. వేరు పెదవి వైపుకు ఒరిగింది, అది కొంత నయం. మెత్తటి తిండి పెట్టండి. పాలపీక వద్దు. రోజుకు రెండుసార్లు మెత్తటి గుడ్డతో తుడవండి. వారానికొకసారి నాకు చూపించండి. చీము పట్టినా, దిగకపోయినా అప్పుడు తీసేద్దాం."

"పైనున్న ఆ పెద్ద పన్నుకేమైనా అయిందా?"

"అది వచ్చినప్పుడే తెలుస్తుంది. ఏడో ఏటో, ఎనిమిదో ఏటో. మచ్చతో రావచ్చు, వంకరగా రావచ్చు. బాగానే రావచ్చు."

"అంటే నాలుగేళ్ళు ఏమీ తెలియకుండా కూర్చోవాలా? మందూ లేదా, ఆపరేషనూ లేదా?"

"లేదండీ" అన్నాడు డాక్టరు. తరవాత సీసా వైపు చూసి మేడంతో అన్నాడు. "పాలల్లో వేసి పరిగెత్తుకు రావడం పెద్ద పళ్ళకు చెప్పిన మాట. పాలపన్ను నిజంగా ఊడినా మేం తిరిగి పెట్టం. లోపలి పన్ను పాడవుతుంది. దీన్ని మీరు వెతక్కపోయినా పోయేదేమీ లేదు."

మూడు రోజుల ఇసుక విజయమ్మ గోళ్ళలో ఇంకా ఉంది. పిల్ల ఏడుపు ఆపి ఆమె మెడ చుట్టూ చేతులు వేసుకుంది.

మేడం ఫణిభూషణ్ వైపు తిరిగింది. "చూశారుగా సార్. పిల్ల నోటి దగ్గరే ఇలాంటి పని చేసింది. ఇలాంటి మనిషి గేటు దగ్గరున్నాను, నన్ను పిలిచారు అంటే…"

"ఉన్న మేడం" అంది విజయమ్మ. "పన్ను అబద్ధం. గేటు అబద్ధం గాదు."

ఫణిభూషణ్ ఆమె చేతుల్లోంచి పిల్లను తీసుకున్నాడు. ఈసారి వేళ్ళు విడదీసింది అతను. గట్టిగానే విడదీశాడు.

గురువారం బడికి పోతే గేటు తీయలేదు. గేటు పైన ఫ్లెక్సీ తిన్నగా బిగించి ఉంది. ఫ్లెక్సీ సోమవారమే కట్టానని చెప్తాడేమోనని రాఘవేందర్ నంబరు కోసం మేడ్చల్‌లో నాలుగు షాపులు అడిగింది. నాలుగో చోట దొరికింది. "ఆ బడి పైసలు ఇంక రావాలె పెద్దమ్మా, నన్నెందుకు ఇరికిస్తవు" అని అతను ఫోను పెట్టేశాడు.

*

శుక్రవారం మధ్యాహ్నం విజయమ్మ కంది బేడలు ఏరుతుంటే ఫోను మోగింది. సుప్రజ. వెనక పిల్ల రాగం తీస్తూ ఏడుస్తోంది.

"విజయమ్మా." సుప్రజ గొంతు పొడిగా ఉంది. "నిన్నటి నుంచి ఏమీ తినలేదిది. నోట్లో పెడితే ఉమ్మేస్తోంది. నువ్వెలా పెట్టేదానివి?"

విజయమ్మ చాట పక్కకు పెట్టింది. "పప్పన్నమేనా అమ్మా? మెత్తగ పిసుకుండ్రి. నెయ్యి తక్కువెయ్యిండ్రి, జారుతది. వేడి లేకుంట సల్లార్చుండ్రి. ముందట పండ్ల కాడ పెట్టకుండ్రి, నొస్తది దానికి. చెంప దిక్కు నుంచి సిన్న ముద్ద పెట్టుండ్రి. తిను తిను అనకుండ్రమ్మా. ముందు మీరు తినుండ్రి. మీరు నములుతుంటె సూసి అదే నోరు తెరుస్తది."

"నేను తినాలా?"

"మీరు తిన్నరా నిన్నటి సంది?"

అవతల గిన్నె జరిపిన చప్పుడు వినిపించింది. విజయమ్మ ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"అమ్మా, ఒక్క మాట. సోమవారం నాడు నేను గేటు కాడనే ఉన్న. నౌకరి కోసం అంటలేను. అది ఎట్లాగు పోయింది. మీరొక్కరు నమ్మితే సాలు."

అవతల పిల్ల ఏడుపు కొంచెం తగ్గింది.

"పన్ను దొరికిందని చెప్పినప్పుడు కూడా నమ్మాను విజయమ్మా. దేవుడి గదిలో దీపం పెట్టాను. నీ పేరు చెప్పి పెట్టాను." ఊపిరి వినిపించింది. "ఇప్పుడు ఏది నమ్మాలో నాకు తెలియట్లేదు."

అవతల ఫోను పెట్టేస్తారని విజయమ్మ అనుకుంది. పెట్టలేదు.

"ముద్ద ఏ చెంప వైపన్నావు?"

"కుడి దిక్కమ్మా. ఎడమ దిక్కు వాపున్నది."

"సరే."

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడైంది. ఎవరో అన్నం నమలసాగారు. పెద్ద మనిషి నమలడమే, మెల్లగా, ఇష్టం లేకుండా. కొంతసేపటికి ఏడుపు ఆగింది. విజయమ్మ ఊపిరి బిగబట్టి వింటూ ఉంది, తను వింటున్నట్టు అవతలివాళ్ళకు తెలియకుండా.